గాంధారం వినపడేదాకా కూర్చోండి

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. రావులపాలెం దగ్గర ఊరు, ఉద్యోగం హైదరాబాదులో, రోజుకి నాలుగైదు గంటలు చెవిలో పాటలే, అయినా పక్కనున్న ఫ్రెండు "ఆ బేస్ ఎలా కదిలిందో విన్నావా" అంటే పాట అడుగున నడిచే ఆ లోతైన శబ్దం మీకేం వినపడట్లేదు, పాటంతా ఒకటే ముద్దలా వెళ్ళిపోతోంది, ఇది పుట్టుకతో రావాలా, మంచి హెడ్‌ఫోన్స్ కొంటే వస్తుందా, రాగాలు నేర్చుకోవాలా అని అడిగారు.

ముందైతే హెడ్‌ఫోన్స్ కొనకండి, ఆ సంగతి చివర్లో చెప్తాను. పుట్టుకతో రావాలా అన్నదానికి మాత్రం ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. నేను పాలకొల్లులో హార్మోనియాలు బాగుచేస్తానండి, మా నాన్నగారి నుంచి వచ్చిన పని, నలభై ఏళ్ళ పైన అయింది చెయ్యి పెట్టి. నాటకాల వాళ్ళవి, భజన మండళ్ళవి, చర్చిల్లోవి, అన్నీ వస్తాయి. నాకు పుట్టుకతో ఏ చెవీ రాలేదు, నేర్పితే వచ్చింది, ఎలా నేర్పారో కూడా బాగా గుర్తుంది.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాన్నగారు పెట్టె మూత తీసి, ఒక మెట్టు కింద ఉన్న రెండు రీడ్లు, అంటే గాలికి మోగే సన్న రేకులు, ఒకేసారి పలికించి "ఏరా, కదులుతోందా, నిలబడిందా?" అని అడిగేవారు. నాకు ఏమీ కదిలేది కాదు, హార్మోనియం మోగుతోంది అంతే. ఆయన తిట్టలేదు, చెప్పలేదు కూడా, మళ్ళీ మళ్ళీ అదే అడిగేవారు. కొన్ని నెలలు అలాగే గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం, కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయి కొట్టంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఆ శబ్దం లోపల ఒక అల వినపడింది నాకు, వా... వా... వా... అని మెల్లగా ఊగుతోంది. "కదులుతోంది నాన్నగారూ" అన్నాను. ఆయన ఆకురాయి నా చేతిలో పెట్టారు.

ఇది ఏంటంటే అండి, ఒక రీడు సెకనుకి 440 సార్లు కొట్టుకుంటా రెండోది 442 సార్లు కొట్టుకుంటే, ఆ రెండూ కలిసినప్పుడు శబ్దం సెకనుకి రెండుసార్లు పెరిగి తగ్గుద్ది. తేడా ఎంతో వణుకు అంత. రీడు కొస దగ్గర కొంచెం గీకితే శృతి పెరుగుద్ది, మొదట్లో గీకితే తగ్గుద్ది, అలా గీకుతా గీకుతా దగ్గరకి తెస్తే ఆ ఊగడం నెమ్మదించి నెమ్మదించి ఒకచోట నిలబడిపోద్ది, అప్పుడు శృతి కుదిరినట్టు. నేను చెప్పేదేంటంటే, ఆ వణుకు మొదటిరోజు కూడా ఆ శబ్దంలోనే ఉంది, నా చెవిలోకి కూడా వెళ్ళింది, కాకపోతే దేనికోసం వెతకాలో నాకు తెలీదు. మీ బేస్ సంగతి కూడా సరిగ్గా అదేనండి, మీ చెవిలో లోపం ఏం లేదు.

అందుకని మొదటి పని రాగాలు కాదు, పాటలు కూడా కాదు, తంబూరా. ఫోన్లో తంబూరా యాప్ ఏదైనా వేసుకోండి, ఉచితంగా చాలా ఉన్నాయి, ఒకటి శృతి, అంటే C, పెట్టుకోండి, ఇయర్‌ఫోన్స్‌లోనే వినండి, ఎందుకంటే ఫోన్ స్పీకర్‌లో మంద్ర తీగ అడుగు శబ్దం సరిగా రాదు. రాత్రి గది లైటు ఆపేసి పది నిమిషాలు కూర్చోండి. నాలుగు తీగలుంటాయి, ముందు పంచమం, అంటే 'ప', తర్వాత రెండు సారణులు, అవి షడ్జమం, అంటే 'స', చివర మంద్రం, అంటే కింది షడ్జమం. మొదటి వారం ఏ తీగ ఎప్పుడు మోగిందో పట్టుకోండి చాలు, ఇంకేం వద్దు.

రెండో వారం నుంచి మంద్ర తీగ ఒక్కదాని వెంటే వెళ్ళండి, మీటగానే కాదు, మీటిన తర్వాత అది సాగుతా ఉంటదే, అక్కడ. ఆ సాగే శబ్దంలో పైన ఎక్కడో సన్నగా ఇంకో స్వరం వినపడుద్ది, అది ఎవరూ మీటలేదు, ఏ తీగా ఆ స్వరానికి కట్టలేదు. అది గాంధారం, సరిగమల్లో 'గ'. దాన్ని స్వయంభూ గాంధారం అంటారు, తనంతట తానే పుట్టిందని. తీగ మొత్తంగా కంపిస్తానే సగాలుగా, మూడో వంతులుగా, నాలుగో వంతులుగా, ఐదో వంతులుగా కూడా కంపిస్తదండి, ఆ ఐదో వంతు కంపనమే ఈ గాంధారం. ఒకటి శృతిలో మంద్రం సెకనుకి దాదాపు 65 సార్లు కంపిస్తే దానికి ఐదు రెట్లు, 327 దగ్గర ఉంటది ఇది. అసలు తంబూరాలో బ్రిడ్జి మీద తీగ కింద చిన్న దారప్పోగు పెడతారు, జీవ అంటారు దాన్ని, ఆ దారం సరిగ్గా కూర్చున్న చోట తీగ జుయ్యిమంటా ఇవన్నీ విప్పి చూపిస్తది, ఒక వెంట్రుకవాసి జరిపితే మూసుకుపోతది. జీవ అని ఆ పేరు పెట్టినవాళ్ళకి ఎంత చెవి ఉండాలో చూడండి, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ గాంధారం మీకు మూడో రోజు వినపడొచ్చు, మూడో వారం వినపడొచ్చు. వినపడకపోతే మీరే మెల్లగా 'గా' అని గొంతులో అనుకోండి, అన్నాక ఆపి వినండి, మీరు ఆపినా అది అక్కడ మోగుతా ఉంటది. ఈ ఒక్కటి జరిగితే చెవి తలుపు తీసినట్టేనండి, ఎందుకంటే ఒక శబ్దం లోపలికి వెళ్ళి దాని భాగాలు వినడం అంటే ఏంటో ఒంటికి తెలిసిపోతది, ఆ తర్వాత పాటలో బేస్ వెతకడం చాలా తేలిక.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. హార్మోనియం మీద గాంధారం ఈ స్వయంభూ గాంధారం ఒకటి కావు. హార్మోనియంలో పన్నెండు మెట్లూ సమానంగా పంచేస్తారు, ఏ శృతి నుంచి పాడినా సర్దుకోవాలి కదా, ఆ పంపకంలో గాంధారం అసలు ఉండాల్సిన చోటు కన్నా ఒక పిసరు పైకి పోతది, ఒక మెట్టుకి మెట్టుకి మధ్య దూరం వంద భాగాలనుకుంటే పద్నాలుగు భాగాలు పైకి. 327 దగ్గర ఉండాల్సింది 329న్నర దగ్గర ఉంటది. తంబూరా మంద్రం మోగుతుండగా హార్మోనియం మీద ఆ గాంధారం నొక్కి పట్టుకుంటే సెకనుకి రెండున్నర సార్లు వణుకుద్ది, నేను చిన్నప్పుడు రీడ్ల మధ్య విన్న వణుకే. ఇది విన్నాక నాకు అర్థమైంది ఆకాశవాణి వాళ్ళు 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని ఎందుకు నిషేధించారో, గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, దాని మీద రాదన్నది ఒక కారణం, ఈ స్వరాల పంపకం ఒకటి. కానీ అండి, నిషేధం ఉన్నన్నాళ్ళూ మన గోదావరి జిల్లాల్లో పద్యనాటకానికి ఊపిరి ఆ పెట్టే. పద్యం ఎత్తుకునే ముందు హార్మోనియం ఆయన తిత్తి నొక్కి షడ్జమం ఇచ్చి, నటుడు రాగం తీస్తుంటే వెనకాలే ఒక అడుగు ఆలస్యంగా నీడలా వెళ్తాడు చూశారా, ఆ ఆలస్యం వినడం గొప్ప చెవిపని. ఈసారి ఎక్కడైనా పద్యనాటకం జరిగితే పద్యాన్ని వదిలేసి ఆ నీడనే వినండి, రాగం ఆపినచోట పెట్టె ఎలా పూర్తి చేస్తుందో వినండి. నిషేధించినవాళ్ళ చెవి తప్పు కాదు, మా నాటకాల వాళ్ళ చెవీ తప్పు కాదు.

ఇప్పుడు పాటలు. ఒక నెలకి ఒకే పాట. సుశీలమ్మగారు పాడిన అరవైల నాటి పాట మీకు నచ్చింది ఏదైనా తీసుకోండి. అప్పట్లో గాయకులు, వాద్యాలవాళ్ళు అందరూ ఒకే హాల్లో కూర్చుని కలిసి వాయించి రికార్డు చేసేవారు, ఎవరు తప్పినా అందరూ మళ్ళీ మొదట్నుంచీ, అందుకని ఆ పాటల్లో ఒకళ్ళనొకళ్ళు వింటా వాయించడం మీకు వినపడుద్ది, గాయని ఊపిరి తీసుకున్న చోట వేణువు ఎలా చొరబడిందో, ఆవిడ మళ్ళీ రాగానే ఎలా తప్పుకుందో. మొదటిరోజు మామూలుగా వినండి. రెండో రోజు తబలా ఎడమచేతి డగ్గా ఒక్కటే. ఆ గుమ్ అనే శబ్దం ఎక్కడ పడుతోంది, ఎక్కడ కావాలని పడట్లేదు. మూడో రోజు బేస్, మీ ఫ్రెండు చెప్పినదే. దాన్ని వినడానికి కిటుకు ఏంటంటే గాయనితో కలిసి పాడటం మానేసి బేస్‌తో కలిసి మూలగండి, నోరు మూసుకుని ఊఁ ఊఁ అని. మొదట్లో తప్పుతారు, పాట మీ నోటిని లాక్కెళ్ళిపోతది, మళ్ళీ వెనక్కి తిప్పి వేసుకోండి. గొంతు దేన్ని పట్టుకుందో చెవి దాన్ని వదలదు, నా దగ్గరకి పని నేర్చుకోడానికి వచ్చిన కుర్రాళ్ళందరికీ నేను ఇదే చేయించాను, వినమంటే వినలేనివాళ్ళు మూలగమంటే రెండు రోజుల్లో పట్టుకున్నారు. తర్వాత వయొలిన్లు, తర్వాత మాటల మధ్య ఖాళీలు. నెలాఖరుకి ఆ పాట మీకు ఇల్లులా ఉంటది, ఏ గదిలో ఎవరున్నారో తెలిసిపోద్ది. అప్పుడు కొత్త పాట వేసుకుని అదే చెయ్యండి, కొత్త పాటల్లో బేస్ ఇంకా స్పష్టంగా ఉంటది.

తాళం కూడా చేత్తో వెయ్యండి, తల ఊపడం కాదు. ఆది తాళం ఎనిమిది, ఒక దెబ్బ మూడు వేళ్ళు, తర్వాత దెబ్బ విసురు, దెబ్బ విసురు. కచేరీ పెట్టుకుని ఇది వేస్తుంటే పాట ఒక్కోసారి మొదటి దెబ్బ మీద కాకుండా కాస్త ఆగి మొదలవుద్ది, ఆ ఆగడం ఎంతో చెయ్యి చెప్తది, చెవి ఒక్కటే చెప్పలేదు. మిశ్ర చాపు ఏడు, మూడూ నాలుగు. అది అలవాటైతే భజనల్లో చాలా చోట్ల దొరుకుద్ది.

రాగాల దగ్గరకి వస్తే, పేర్లు పోగెయ్యకండి. రాగం పేరు చెప్పగలగడం వేరు, రాగం వినడం వేరు, పేరు తెలియగానే వినడం ఆపేసేవాళ్ళని బోలెడంతమందిని చూశాను, ముందు వరసల్లో కూర్చుని "కల్యాణి" అని పక్కవాళ్ళకి చెప్పి ఫోన్ చూసుకుంటారు, నాకు చాలా బాధనిపిస్తది. జంటలుగా వినండి. మోహన, హంసధ్వని పక్కపక్కన పెట్టుకోండి, రెండింట్లోనూ సరిగప ఒకటే, మోహనలో ధైవతం, అంటే 'ద', ఉంటది, హంసధ్వనిలో దాని బదులు నిషాదం, అంటే 'ని', ఆ ఒక్కటి మారితే మొత్తం మొహమే మారిపోద్ది. తర్వాత శంకరాభరణం, కల్యాణి, ఇక్కడ మధ్యమం, అంటే 'మ', ఒక్కటే తేడా. ఆ ఒక్క స్వరం వచ్చేచోట చెవి నిలబెట్టుకుని వినండి, మిగతాదంతా దానంతట అదే వస్తది.

మన పక్క మనిషిని కూడా చెప్తాను. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పుట్టింది మన కోనసీమలోనే, శంకరగుప్తంలో, 1930లో. ఆయన నాలుగే స్వరాలతో లవంగి, మహతి లాంటి రాగాలు కట్టారు. పండితులు వాటి మీద చాలా వాదించుకున్నారుగానీ, కొత్తగా చెవి తయారుచేసుకునేవాళ్ళకి అవి వరమండి నా దృష్టిలో, నాలుగే స్వరాలు కాబట్టి దారి తప్పరు, ప్రతి స్వరం దగ్గరా ఆయన ఎంతసేపు నిలబడ్డారో, ఎలా వదిలారో తీరిగ్గా చూడొచ్చు. అలాగే వీణ. కాకినాడలో పుట్టిన చిట్టిబాబుగారిది, ఆయన గురువుగారు ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారిది, ఇద్దరివీ వినండి. వీణ వినేటప్పుడు మీటు లెక్కపెట్టండి. ఒక్క మీటుకి తీగ లాగి లాగి ఎన్ని స్వరాలు తీశారు, ఆ చివరి స్వరం వచ్చేసరికి శబ్దం ఎంత సన్నబడిపోయింది, అది పూర్తిగా పోయేదాకా వినగలిగారా లేదా. తంబూరా దగ్గర కూర్చున్న పది నిమిషాలు ఇక్కడ పనికొస్తాయి.

రికార్డుల మీదే ఉండిపోకండి. ఊరొచ్చినప్పుడు గుడి దగ్గర సన్నాయి మేళం ఉంటే మైకు పెట్టెకి దూరంగా, మనుషులకి దగ్గరగా కూర్చోండి. కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల ఉంది కదండి, అక్కడ నేర్చుకున్నవాళ్ళు ఎక్కడ కథ చెప్పినా వెళ్ళండి, హరికథలో మాట ఎక్కడ పాటవుద్దో, ఏ క్షణంలో మాట్లాడే గొంతు శృతిలోకి ఎక్కుద్దో పట్టుకోవడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. మృదంగం ఉంటే ఎడమ మూత వినండి, దానికి తడి రవ్వముద్ద పెడతారు, శబ్దం దిగడానికి. కచేరీ సాగేకొద్దీ అది ఆరి ఆ గుమ్ములో తేడా వస్తది, వాయించేవాళ్ళు మధ్యలో నీళ్ళు తడుపుకోవడం మీరు చూసే ఉంటారు, ఈసారి ఆయన తడపక ముందే మీ చెవికి తెలుస్తదేమో చూడండి.

సంగీతం లేనప్పుడు కూడా చెవికి పని ఉంటది. మీ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉందా? మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుద్ది, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి రేకులు దానికి రెట్టింపు, 100 సార్లు వణుకుతాయి, ఆ గుయ్ మనే శబ్దం హార్మోనియం మీద ఐదు శృతికి, అంటే G కి, ఒక పిసరు పైన ఉంటది. హైదరాబాదులో అర్ధరాత్రి దాని పక్కన నుంచుని షడ్జమం కలిపి చూడండి, ఖర్చు లేని తంబూరా అది. చిన్నప్పుడు నేను మా వీధి చివర రైస్‌మిల్లు మోతకి గొంతు కలిపేవాణ్ణి. సంక్రాంతికి ఊరొస్తే కనుమ నాడు జగ్గన్నతోట వెళ్ళండి, ఏకాదశ రుద్రుల ప్రభలు కౌశిక నది దాటి చేల మీదుగా వస్తుంటే కళ్ళు మూసుకుని డప్పులు వినండి. దూరంగా ఉన్నప్పుడు కింది శబ్దమే వస్తది, గుమ్ గుమ్ అని, పై శబ్దాలు గాలిలో ముందే పోతాయి, దగ్గరయ్యేకొద్దీ పుల్ల చర్మం మీద పడే టకటక మెల్లగా పుట్టుకొస్తది. ఎంత దూరంలో ఉన్నారో కళ్ళు తెరవకుండా చెప్పొచ్చు.

అయితే డీజే పెట్టెల దగ్గర మాత్రం నిలబడకండి. ఇది బతిమాలి చెప్తున్నాను. పదిహేనేళ్ళ కింద ఒక ఊరేగింపులో ఆ పెట్టెల పక్కన రెండు గంటలు నడిచాను, తెలిసినవాళ్ళ పెళ్ళి, తప్పుకోలేకపోయాను. మూడు రోజులు చెవుల్లో ఈల మోగింది. ఈల తగ్గింది కానీ ఎడమ చెవిలో పై స్వరాలు అప్పట్నుంచి సన్నబడ్డాయి, ఇప్పుడు పైస్థాయి రీడ్లు సరిచేసేటప్పుడు కుడిచెవి తిప్పుకుని వినాల్సి వస్తోంది. చెవి లోపల శబ్దాన్ని పట్టే కణాలు సన్న వెంట్రుకల్లా ఉంటాయి, అవి ఒకసారి పోతే మనుషుల్లో మళ్ళీ మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు దాటొద్దని, శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు చాలా వేగంగా తగ్గిపోతాయి. మీరు రోజుకి ఐదు గంటలు వింటున్నారు కాబట్టి వాల్యూమ్ సగం దాటనివ్వకండి. బస్సులో మోత ఎక్కువని పెంచుతారే, అది మానేయండి, అక్కడ పాట వినడం మానేసినా పర్లేదు. తగ్గించి వింటే ఇంకో లాభం, చెవి తనే ముందుకి వంగుద్ది.

హెడ్‌ఫోన్స్ సంగతి. ఇప్పుడున్నవాటితో తంబూరా మంద్రం, పాటలో బేస్ వినపడుతుంటే అవి చాలు. బేస్ గిటార్ అడుగు తీగ సెకనుకి 41 సార్లే కంపిస్తది, అంత కిందిది కాస్త మంచి ఇయర్‌ఫోన్స్‌లో వచ్చేస్తది. బేస్ బాగా పెంచి అమ్మేవి మాత్రం వద్దు, అవి డగ్గాని ఉబ్బించి పక్కనున్న వయొలిన్‌ని కప్పేస్తాయి. మూడు నెలలు ఇలా విన్నాక కొనండి, అప్పటికి ఏది ఏం మింగేస్తోందో కొట్లోనే నిలబడి మీరే చెప్పగలరు.

రోజూ తంబూరా పది నిమిషాలు, పాట ఒకసారి. అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే రెండు వారాల్లో వదిలేస్తారు, నేను చూశాను. గాంధారం వినపడిన రోజు నాకు ఒక ముక్క రాయండి, ఏ శృతి పెట్టుకున్నారో, ఎన్నో రోజుకి వచ్చిందో కూడా. సంక్రాంతికి వచ్చినప్పుడు పాలకొల్లు వైపు వీలైతే రండి, మూత తీసి ఉంచిన పెట్టె ఒకటి ఎప్పుడూ ఉంటది నా దగ్గర, రెండు రీడ్లు పలికించి మీక్కూడా అడుగుతాను, కదులుతోందా, నిలబడిందా అని.